అద్దానికి రంగెక్కడిది?

పోయినవారం నిదానాన్ని ఎర్ర కారు పక్కన, కుడిచేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, బొమ్మలా నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. వారం పాటు అలా నిలబెట్టినందుకు ఆమె ఏమీ అనుకోదు. ఏ పనైనా నింపాదిగా చేస్తుందని పుట్టింట్లో పెట్టిన పేరది. అదే అత్తింటికి వచ్చింది, షెడ్డుకీ వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే పలకదు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కార్లు కడిగి మెరుగుపెట్టే ఈ షెడ్డు నిదానం భర్తది. ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. రెండు నెలల క్రితం చీకటి పడే వేళ, సామాన్లు కొనుక్కుని నడిచి వస్తున్న మేస్త్రిని ఎర్ర కారొకటి గుద్ది, ఆగకుండా పోయింది. ఎడమకాలు నుజ్జయింది. ఆ సాయంత్రమే నిదానం తమ్ముడు, షెడ్డుకు వచ్చిన ఒక కస్టమరు ఎర్ర కారును ఎవరికీ చెప్పకుండా షికారుకు తీసుకుపోయాడు. తిరిగొచ్చేసరికి బంపరు మీద గీత. గేటుకు రాసుకుందన్నాడు. నమ్మినవాడు లేడు. పైగా ఆసుపత్రి మంచం మీద మేస్త్రి, "నడిపింది మా బావమరిదే, నా కళ్ళతో చూశాను" అని పోలీసులకు చెప్పాడు. తమ్ముడు జైల్లో ఉన్నాడు. ఒకే వంటింట్లో నిదానం భర్తకు పథ్యం వండుతోంది, తమ్ముడికి క్యారేజీ కడుతోంది. మొగుణ్ణి కొట్టినవాడికి అన్నమా అని ఒకరు, కన్నబిడ్డలా పెంచిన తమ్ముణ్ణి జైలుకు పంపినవాడికి సేవా అని ఒకరు. ఆమె రెండూ మానలేదు. 

ఈ రెండు నెలలూ ఆ ఇంటిని మోసింది మేస్త్రి అన్నయ్య. డ్రైవింగ్ స్కూలు మాస్టారు. మేస్త్రిని ఎత్తుకుని ఆసుపత్రి మెట్లెక్కించింది ఆయన, స్నానం చేయించింది ఆయన, తలగడ కవర్లు ఉతికింది కూడా ఆయనే. ఇవాళ పొద్దున మాస్టారు తన సొంత కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. అదీ ఎర్రదే. ఎర్ర కార్లకు కరువేముంది! ఇంట్లోనే ఇంకో ఎర్ర కారు ఉందన్న మాట ఎవరి బుర్రకూ తట్టలేదు. తట్టినా ఆ మనిషి ముందు అనడానికి నోరెవరికి వస్తుంది?

"అమ్మేస్తున్నానమ్మా. సాయంత్రం తీసుకెళ్ళడానికి వస్తారు. ఒట్టి నీళ్ళతో కడిగెయ్, చాలు. రుద్దకు. పాలిష్ అసలే వద్దు. నీ చేతులు ఇప్పటికే అరిగిపోయాయి" అన్నాడు.

చేతులు అరిగిపోయాయన్న ఆ మాటకే నిదానం కరిగిపోయింది. ఇన్నాళ్ళలో ఆమె చేతుల వైపు చూసినవాళ్ళే లేరు. అడిగినంతే చేసి ఊరుకుంటే అది బావగారికి చేసిన పని అవుతుందా? కొత్తకారులా తళతళలాడించి అప్పగిద్దామనుకుంది. అలమరలోంచి బంకముద్ద తీసింది. కథంతా ఆ మంచి మనసు వల్లే అడ్డం తిరిగింది. చెప్పినంత మాత్రమే చేసే మనిషై ఉంటే మాస్టారు ఈపాటికి గట్టెక్కేవాడు.

ఈ బంకముద్ద సంగతి కాస్త చెప్పాలి. సబ్బు బిళ్ళంత ఉంటుంది, మైనంలా సాగుతుంది. కారును ఎంత కడిగినా ఇనుప రజను, తారు చుక్కలు, చెట్ల జిగురు రంగులో దిగబడిపోయి నీళ్ళకు లొంగవు. సబ్బునీళ్ళు చల్లి, ముద్దను పలచగా వత్తి, వేళ్ళ బరువు తప్ప వేరే బరువు వేయకుండా అటూ ఇటూ జారిస్తే వాటిని పట్టి లాగేస్తుంది. మురికి పట్టిన వైపును లోపలికి మడిచి, మళ్ళీ పిసికి, శుభ్రంగా ఉన్న వైపుతో మళ్ళీ మొదలు. మురికి ఎక్కడుందో కంటికి కనిపించదు కనుక చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తడుముతారు. కవరు లోంచి చిన్న నలుసు కూడా గులకరాయంత తెలుస్తుంది.

ఈ పని నేర్పింది మేస్త్రే. నేర్పిన మొదటి రోజు మొదటి మాట ఇది: కింద పడ్డ ముద్దను మళ్ళీ బండి మీద పెట్టకూడదు. పడితే ఇసుక అంటుకుంటుంది, ఆ ఇసుక రంగును చీరేస్తుంది. పడిందా, పారేయ్. పెళ్ళైన కొత్తలో నిదానం ఆ మాట పెడచెవిన పెట్టింది. పడ్డ ముద్దను పైట చెంగుకు తుడిచి నల్ల కారు మీద పెట్టింది. చంద్రవంకలా గీత పడింది. మేస్త్రి కేకలేయలేదు. పొద్దుగూకేదాకా ఆ గీత మీద కూర్చుని మాపి, కారు వాళ్ళు వచ్చి అడిగితే "నా చేయి జారింది సార్, తప్పు నాదే" అన్నాడు. ఆ మాట అన్న క్షణానే నిదానం ఆయన్ని ప్రేమించింది. అంతకుముందు కేవలం పెళ్ళి చేసుకుంది.

సరే, కారు దగ్గరికి వద్దాం. కుడివైపు తలుపులు తడిమితే ఉప్పు చల్లినట్టు గరగర. పైకప్పు అంతకంటే గరగర. ఎండలో, దుమ్ములో ఏళ్ళ తరబడి తిరిగిన కారుకు అలాగే ఉండాలి. ఎడమవైపు ముందు భాగానికి వచ్చేసరికి చేయి జర్రున జారింది. చక్రం పైన రేకు, దాని పక్కన బానెట్ చెంప, రెండూ పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉన్నాయి. బావగారు ఇంతకుముందే ఎక్కడో ఈ మూల రుద్దించి ఉంటారులే అనుకుంది. మంచివాళ్ళ విషయంలో మన బుర్ర సగం పనే చేస్తుంది.

ముందు అద్దంతో మొదలుపెట్టింది. కుడి సగం పూర్తి చేసి ముద్దను తిప్పి చూసింది. బూడిదరంగు మురికి ఉండాల్సిన చోట సన్నటి ఎర్ర చుక్కలు. కుంకుమ రాలినట్టు. పోయినవారం మనం ఆగింది ఇక్కడే.

 ఆమె తల పనిచేయడం మొదలుపెట్టింది. పొద్దున మాస్టారు అన్న మాటలు ఒక్కొక్కటీ తిరిగి వచ్చాయి. రుద్దకు. పాలిష్ అసలే వద్దు. ఆ మాటలు ఆమె ఎక్కడ విన్నదో ఇప్పుడు గుర్తొచ్చింది. వీధి చివర పెయింటరు, రంగు వేసిన ప్రతి కారు వాళ్ళకూ అప్పగించేటప్పుడు అవే మాటలు చెబుతాడు. కొత్త రంగు గట్టిపడాలి, అందాకా ఒట్టి నీళ్ళతో కడగండి, రుద్దకండి, పాలిష్ పెట్టకండి.

అరిగిపోయిన చేతుల మీద జాలి కాదన్నమాట అది.

"ఇదేంటమ్మా, ఇంకా కడుగుతూనే ఉన్నావా? నిదానమే ప్రధానం అన్నారుగానీ మరీ ఇంత ప్రధానమా!"

మాస్టారు నవ్వుతూ వచ్చాడు. చేతిలో మందుల కవరు. మేస్త్రికి రోజూ ఈ వేళకు మాత్రలు తెస్తాడు, ఎంత పనున్నా మానడు. నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఆయన చూపు నిదానం చేతి మీద పడింది.

"చేతిలో ఏంటది?"

"బంకముద్ద, బావగారూ."

"రుద్దొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు." ఆమె ముద్దను గుప్పిట్లో మూసింది. "మీరు ఆయనకు ఇంత చేస్తున్నారు. నాకు చేతనైంది ఇదొక్కటే కదా అనిపించింది. కొత్తదానిలా చేసి ఇద్దామనుకున్నాను."

ఆ మాటకు మాస్టారు మొహంలో ఏదో నలిగింది. కానీ వెంటనే సర్దుకున్నాడు. పాఠం చెప్పేవాళ్ళకు సర్దుకోవడం అలవాటు.

"పాత కారు కదమ్మా, ముట్టుకుంటే రంగు ఊడొస్తుంది. మా స్కూలు బండి ఇంతకుముందుది, గుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఎర్రగా అయ్యేది. ఆ ముద్దకు అంటింది అదే. ఎర్ర రంగుతో వచ్చే చిక్కే అది. పారేసి, నీళ్ళు కొట్టేయ్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. నిదానం ముద్దను మూసిన గుప్పిట్లోనే ఉంచుకుని ఆయన వైపు చూసింది.

"రంగు సంగతి నేనింకా అడగలేదు బావగారూ."

"అడగకపోతే ఏం? కనబడుతోందిగా."

"బానెట్ మీద రుద్దితే మీరన్నట్టు రంగు రావచ్చు. నేను బానెట్ మీద ముద్ద పెట్టనే లేదు. ఇది ముందు అద్దం మీంచి వచ్చింది." ఆమె గుప్పిట విప్పింది. "అద్దానికి రంగెక్కడిది?"

మాస్టారు అద్దం వైపు చూశాడు.  నిదానం ఆగలేదు. ఎప్పుడూ నలుగురి మధ్య నోరు విప్పని మనిషికి ఒకసారి దారి దొరికితే ఆపడం కష్టం.

"ఎవరు వేశారోగానీ కంగారుగా వేశారు. అద్దానికి కాగితం సరిగా అంటించలేదు. పిచికారీ గాలికి ఎగిరి అద్దం మీద, పైకప్పు మీద పడింది. కంటికి ఆనదు. చేతికి తెలుస్తుంది. ఇలా రండి."

చేతికున్న కవరు తీసి ఆయన చేతికి తొడిగింది. స్టీరింగ్ మీద వణికే చేతులను ఎన్నింటినో పట్టుకుని తిప్పిన చేయి అది. నిదానం చేతిని కూడా పట్టుకుని నేర్పింది. ఇప్పుడు ఆ చేయి ఆమె ఎటు లాగితే అటు వచ్చింది. కుడి రేకు మీద పెట్టింది. గరగర. ఎడమ రేకు మీద పెట్టింది.

"తెలుస్తోందా?"

"స్కూల్లో ఒకమ్మాయి గోడకు కొట్టింది. నేర్చుకునేవాళ్ళు కదా, మామూలే" అన్నాడు మాస్టారు. 

"నేర్చుకునేవాళ్ళకు ఈ కారు ఎప్పుడిచ్చారు? మీ సొంత కారు ఎవర్నీ ముట్టుకోనివ్వరుగా."

"ఆ రోజు..."

"పోనీ, ఎవరో కొట్టారు. మరి మన షెడ్డుకు ఎందుకు తేలేదు? సొట్ట పడితే తీయించేది ఆయన, రంగు వేయించేది ఆయన. ఆయన మంచం మీద ఉన్నా నేనున్నాను, వీధి చివర పెయింటరు ఉన్నాడు. ఎవరికీ తెలియని చోటికి తీసుకుపోయి వేయించాల్సిన అవసరం ఏమొచ్చింది? ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మీరు స్కూలు బండిలోనే తిరిగారు. కారేదని అడిగితే సర్వీసుకు ఇచ్చానన్నారు."

మాస్టారు పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాడు. మందుల కవరు ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు దాని ముడి విప్పుతూ, వేస్తూ కూర్చున్నాడు.

"ఎదురుగా లారీ వస్తోంది. లైట్లు కళ్ళలో కొట్టాయి. ఎడంపక్క ఏదో తగిలింది. కుక్క అనుకున్నానమ్మా."

"అనుకున్నారా? అనుకోవాలనుకున్నారా?"

ఆయన తల ఎత్తలేదు. "ఏదైనా తగిలితే మొదట బ్రేకు, తర్వాతే భయం. నీకు కూడా అదే చెప్పాను కదూ? వచ్చిన ప్రతివాడికీ చెబుతాను. ఆ రోజు నాకు భయమే ముందొచ్చింది. కాలు బ్రేకు మీద పడలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఫోనొచ్చింది, మా చిన్నోణ్ణి, నా తమ్ముణ్ణి ఎవరో గుద్దేశారని. అప్పుడు తెలిసింది, నేను కుక్క అనుకున్నది ఎవరినో."

నిదానానికి ఆయన మీద జాలి వేసింది. ఆ జాలి మీద ఆమెకే కోపం వచ్చింది. జైలు గదిలో గోడకు ఆనుకుని, పోయిన శనివారం చూడబోతే "అక్కా, నువ్వయినా నమ్ముతున్నావా?" అని అడిగిన తమ్ముడి మొహం కళ్ళ ముందుకొచ్చింది. అప్పుడు ఆమె వెంటనే అవునని చెప్పలేకపోయింది. ఒక క్షణం ఆలోచించింది. ఆ క్షణం వాడు చూశాడు.

"మరి నా తమ్ముడు?"

"వాడి పేరు నేను చెప్పలేదమ్మా! ఒట్టు. చిన్నోడే చెప్పాడు, కళ్ళారా చూశానని. దెబ్బ తగిలిన మనిషి, పొరబడి ఉంటాడు. నేను కాదంటే... నేను కాదనాలంటే..."

"మీరేనని చెప్పాల్సి వచ్చేది."

"అవును." మాస్టారు ఏడుస్తున్నాడు. "చెప్పేస్తాను. ఎప్పుడో ఒకప్పుడు చెప్పేస్తాను. కానీ చిన్నోడికి తెలియనివ్వకు. నేను వాణ్ణి గుద్ది, రోడ్డు మీద వదిలేసి పోయానని తెలిస్తే చచ్చిపోతాడు. ఆ ఒక్కటీ నన్ను అడగకు."

అప్పుడు వినబడింది. టక్. టక్. షెడ్డు వెనక గుమ్మంలోంచి ఊతకర్రల చప్పుడు. ఇల్లు షెడ్డుకు ఆనుకునే ఉంటుంది. మేస్త్రి గుమ్మం దాటి, తడి నేల మీద కర్రలు జారకుండా ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చాడు. ఎంతసేపటి నుంచి గుమ్మంలో ఉన్నాడో తెలియదు. అన్నయ్య ఏడుస్తుంటే ఎందుకని అడగలేదు కనుక, చాలాసేపటి నుంచే ఉండాలి.

నిదానానికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇక ఆమె ఒంటరిది కాదు. విన్నాడు. తన కళ్ళు తనను మోసం చేశాయని ఆయనకు తెలిసిపోయింది. నొచ్చుకుంటాడు, కుమిలిపోతాడు, కానీ రేపే వెళ్ళి మాట దిద్దుకుంటాడు. చేయి జారింది, తప్పు నాదే అన్న మనిషి కదా!

"ఏమండీ, ఇది చూడండి" అని ముద్ద అందించింది.

మేస్త్రి ఒక కర్రను చంకలో ఇరికించి ముద్ద అందుకున్నాడు. రెండు నెలల తర్వాత ఆ వేళ్ళకు పని తగిలింది. బొటనవేలితో వత్తాడు, మడత విప్పాడు, వెలుతురుకు పట్టి చూశాడు.

"అద్దం మీంచా?"

"అద్దం మీంచే."

మేస్త్రి వేళ్ళు విప్పాడు. ముద్ద కింద పడింది. ఇసుక, సబ్బునీళ్ళు కలిసిన నేల మీద పడి అక్కడే ఉండిపోయింది. జారిపడిందేమోనని నిదానం వంగబోయింది. ఆమె వేళ్ళు తగిలేలోపే ఊతకర్ర రబ్బరు మొన దాని మీదకు వచ్చి, నొక్కి, ఒకసారి మెలి తిరిగింది.

"కింద పడింది. ఇక పనికిరాదు" అన్నాడు మేస్త్రి.

ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"అన్నయ్యా, లే. కారు తీసుకుని వెళ్ళిపో. కొనేవాళ్ళను ఇక్కడికి రావద్దని చెప్పు, నువ్వే వాళ్ళ దగ్గరికి పో."

మాస్టారు బకెట్టు మీంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "చిన్నోడా... నీకు తెలుసా?"

"పడిపోయి చూస్తే వెనక నంబరు కనిపించింది. ఆ కారు కడిగేది నేనే కదా, ఆ నంబరు నాకు తెలియదా?"

"మరి ఇన్నాళ్ళూ... నేను నీకు నీళ్ళు పోస్తుంటే, అన్నం పెడుతుంటే..."

"పెట్టించుకున్నాను." మేస్త్రి అన్నయ్య వైపు తిరిగాడు. "నాన్న పోయాక నన్ను బడికి ఎత్తుకెళ్ళింది నువ్వు. చదువు మానేసి కారు తుడిచే గుడ్డ పట్టింది నువ్వు. నీ పేరు చెబుతానా నేను? నోరు తెరిచి నీ పేరు చెప్పి, నిన్ను జైల్లో పెట్టి, నేను కాలు చాపుకుని బతుకుతానా?"

మాస్టారు మొహం చేతుల్లో దాచుకున్నాడు. తాను రెండు నెలలు కాపాడుకున్న గుట్టు ఎవరికి తెలియకూడదనుకున్నాడో ఆ మనిషికే మొదట తెలుసు. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోకుండా, ఒకరినొకరు బతికించుకుంటూ వచ్చారు. వినడానికి బాగానే ఉంది. ఆ ప్రేమకు ఖర్చయింది మాత్రం పరాయి పిల్లాడు.

నిదానం మెల్లగా నిలబడింది.

"తన పేరు చెప్పొద్దని మీ అన్నయ్య అడగలేదు. నా తమ్ముడి పేరు చెప్పమని కూడా ఎవరూ అడగలేదు. తెలియదని ఎందుకు చెప్పలేదండీ? చీకట్లో కనిపించలేదంటే సరిపోయేదిగా?"

"తెలియదంటే వెతుకుతారు. ఎర్ర కార్లన్నీ వెతుకుతారు." మేస్త్రి ఆమె వైపు చూడలేదు. "వాడు ఆ రోజే ఎర్ర కారు తీశాడు, గీత పడింది. అందరూ వాడే అంటున్నారు. నేను ఊఁ అన్నాను. కుర్రాడు. ముందు ముందు బోలెడు జీవితం ఉంది. కోర్టులో నేను సరిగా చూడలేదంటాను, వాడు బయటికొచ్చేస్తాడు. నువ్వు కాస్త ఓర్చుకో. ఇంట్లో సంగతి ఇది. కడుపు చించుకుంటే మన కాళ్ళ మీదే పడుతుంది."

"ఎవరి కడుపండీ? మీరు చించింది వాడి కడుపు."

"నిదానం!"

"మీ అన్నయ్య మిమ్మల్ని పెంచాడు, నిజమే. వాణ్ణి నేను పెంచాను. అమ్మ పోయేసరికి వాడికి పళ్ళు కూడా రాలేదు. మీకు మీ అన్నయ్య ఎంతో, వాడికి నేనంత. రోజూ నేను క్యారేజీ కడుతుంటే మంచం మీంచి చూశారు కదా మీరు. ఒక్క రోజు... ఒక్క రోజైనా ఆ అన్నం మీకు మింగుడు పడిందా?"

మేస్త్రి అన్నయ్య వైపు చూశాడు. ఆ క్షణం వరకు నిదానానికి భర్త మీద కోపమే ఉంది. ఆ చూపుతో అది కూడా పోయి, నల్ల కారు మీద గీత మాపిన మనిషి చచ్చిపోయాడన్న దుఃఖం మిగిలింది. కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న చేతికి సబ్బునీళ్ళు ఉండడం వల్ల ఇంకా మండాయి.

"ముద్ద పోతే పోయింది" అంది. "అది నాకు సంగతి చెప్పింది, దాని పని అయిపోయింది. కారుంది కదా. ఎడమ సగం అద్దం ఇంకా రుద్దలేదు. పైకప్పు రుద్దలేదు. ఆ నున్నటి రేకు కింద ఏం సొట్ట ఉందో ఏ పెయింటరైనా గీకి చూపిస్తాడు. ఇది సాయంత్రం ఇక్కణ్ణుంచి పోతే నా తమ్ముడు మళ్ళీ రాడు. మీరు కోర్టులో మాట మార్చరు. ఇవాళ మార్చనివాళ్ళు అప్పుడెందుకు మారుస్తారు?"

అన్నదమ్ములిద్దరి చూపూ ఒకేసారి కారు తలుపు వైపు మళ్ళింది. తాళాలు కారులో లేవు. నిదానం నడుముకు కట్టుకున్న ఏప్రాన్ జేబులో ఉన్నాయి. అది ముందు గుర్తొచ్చింది ఆమెకే.

నిదానం పరుగెత్తడం ఆ షెడ్డు గోడలు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాయి. మాస్టారు బకెట్టు మీంచి లేచి "అమ్మా, ఆగు, నా మాట విను" అనేసరికి ఆమె తలుపు తీసి, కూర్చుని, లోపలి నుంచి తాళం వేసేసింది. ఇంజను మొదటిసారికే అందుకుంది. బండిని బాగా చూసుకునే మనిషి మాస్టారు. షెడ్డు గేటు తెరిచే ఉంది. కారు ముఖం వీధి వైపే ఉంది. పోలీస్ స్టేషను బజారు దాటితే వస్తుంది.

మాస్టారు అద్దం మీద అరచేత్తో కొడుతూ ఏదో అంటున్నాడు. ఆమె వినలేదు. ఆమె చూపు ముందుకుంది. మేస్త్రి కారు ముందుకు వస్తున్నాడు. టక్. టక్. టక్. అంత వేగంగా ఆ కర్రల మీద నడవడం ఇదే మొదలు. ఎడమ మూలకు వచ్చి ఆగాడు. కొత్త రంగు వేసిన మూల అది, ఆయన కాలు విరగ్గొట్టిన మూల. ముందు ఒక కర్ర విసిరేశాడు. తర్వాత రెండోది. రెండు చేతులూ బానెట్ మీద ఆన్చి, ఒంటి బరువంతా దాని మీద వేసి నిలబడ్డాడు. కారు ఒక్క అడుగు కదిలితే ఆయనకు పట్టు లేదు. కింద పడతాడు, చక్రం ముందే పడతాడు.

"దిగు" అన్నాడు. అద్దంలోంచి మాట వినిపించలేదు, పెదవులు కనిపించాయి. ఆ కళ్ళలో బెదిరింపు లేదు. ఆమె కదలదన్న నమ్మకం ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఏ పనీ తొందరపడి చేయలేదన్న నమ్మకం.

వీధి మలుపులో హారను మోగింది. కారు కొనుక్కునేవాళ్ళు వచ్చేస్తున్నారు.

నిదానం క్లచ్ తొక్కి గేరు వేసింది. మొదట బ్రేకు, తర్వాతే భయం. మాస్టారు నేర్పిన పాఠమే, ఆమె కుడికాలు బ్రేకు మీదే ఉంది. హారను మళ్ళీ మోగింది, ఈసారి గేటు దగ్గరగా.

ఆ కాలు బ్రేకు మీంచి లేచింది.